1969–70 రెక్కల కార్లు: డిక్కీ మీద అంత ఎత్తున రెక్క ఎందుకు?

#1 · బొమ్మలబండి

అమెరికా నాస్కార్ రేసుల్లో పరుగెత్తిన డాడ్జ్ చార్జర్ డేటోనా కారుని 1/25 స్కేల్ కిట్‌లో కడదామనుకుంటే నాలుగు సందేహాలు వచ్చాయి. తెలిసినవాళ్ళు చెప్పండి.

1. రెక్క డిక్కీ మీద 23 అంగుళాల ఎత్తున ఎందుకుంది? డిక్కీ మూత తెరుచుకోవడానికేనని కొందరు, గాలి కోసమని కొందరు అంటున్నారు.
2. 200 మైళ్ళ వేగం ఆ రెక్క వల్లే వచ్చిందా?
3. షోరూమ్ కారుకీ రేస్ కారుకీ పైకి కనిపించే తేడాలేంటి?
4. 1971లో ఈ కార్లని నిషేధించారంటారు. ఏ నియమంతో?

#2 · డేటోనా88

రెక్క సంగతి తరవాత. ముందు ముక్కుతో మొదలుపెడదాం, అసలు రోగం అక్కడే ఉంది.

1968 చార్జర్ చూడ్డానికి బాగుంటుంది, గాలికి మాత్రం పనికిరాదు. గ్రిల్ లోపలికి గుంటలా ఉంటుంది, ఎదురుగాలిని దోసిలి పట్టినట్టు పట్టేస్తుంది. వెనక అద్దం రెండు స్తంభాల మధ్య లోతుగా కూర్చుంటుంది. పైకప్పు మీద నుంచి జారిన గాలి ఆ గుంటలో సుడి తిరిగి వెనక భాగాన్ని పైకి లేపుతుంది. ఫ్లోరిడాలోని డేటోనా లాంటి రెండున్నర మైళ్ళ ట్రాక్‌లో ఇది చాలా ఖరీదైన తప్పు.

మొదటి మందు చార్జర్ 500. డాడ్జ్‌దే ఇంకో మోడల్ కరోనెట్ గ్రిల్ తెచ్చి ముందుకి సమంగా బిగించారు. వెనక గుంటలో రేకు ప్లగ్ వెల్డ్ చేసి, అద్దాన్ని స్తంభాలతో సమానంగా వాల్చారు. అద్దం వెనక్కి జరిగింది కాబట్టి డిక్కీ మూత పొట్టిదైంది. కిట్‌లో మామూలు చార్జర్ డిక్కీ మూత వాడితే తప్పని పట్టేస్తారు, జాగ్రత్త.

ఫోర్డ్ ఈలోపు టొరీనో టల్లడేగా అనే కారు దింపింది. ముక్కు సుమారు ఆరంగుళాలు పొడిగించి కిందికి వాల్చారు. వెనక బంపర్‌నే కోసి, సన్నం చేసి ముందు పెట్టారు. తలుపుల కింది రేకు అంచుని పైకి మడిచారు. కారు ఎంత కిందికి దిగొచ్చో ఆ అంచు నుంచే కొలిచేవారు కాబట్టి, అంచు పైకి పోయినంత మేర కారు కిందికి దిగింది. కొలబద్ద నియమం మాటకు మాట పాటించారు, ఉద్దేశాన్ని మాత్రం పక్కన పెట్టారు. 1969 డేటోనా 500ని లీరాయ్ యార్‌బ్రో ఫోర్డ్‌లో చివరి ల్యాప్‌లో గెలిచాడు, రెండో స్థానం చార్లీ గ్లాట్జ్‌బాక్ డాడ్జ్‌ది. చార్జర్ 500 చాలదని డాడ్జ్‌కి అర్థమైంది.

దానికి జవాబే చార్జర్ డేటోనా: 18 అంగుళాల ఉక్కు ముక్కు, వెనక అల్యూమినియం రెక్క. రేసుకి అనుమతి కావాలంటే 500 కార్లు జనానికి అమ్మాలి. 503 కట్టారు.

#3 · లెక్కల_మేష్టారు

రెండో ప్రశ్నకి లెక్క చాలు. పెద్ద వేగాల్లో ఇంజిన్ బలమంతా గాలిని తోయడానికే పోతుంది. కావలసిన బలం వేగానికి ఘనంగా పెరుగుతుంది. 190 నుంచి 200కి పోవాలంటే (200/190)³ = 1.166, అంటే దాదాపు 17 శాతం ఎక్కువ. ఇంజిన్ 600 హార్స్‌పవర్ అనుకుంటే అదనంగా 100 కావాలి. అప్పటికే పిండగలిగినంత పిండిన 426 క్యూబిక్ ఇంచుల హెమీ ఇంజిన్‌లో ఇంకో 100 ఎక్కడ దొరుకుతుంది? బలం మార్చకుండా గాలి నిరోధాన్ని 14 శాతం తగ్గించినా అదే ఫలితం. రేకుతో, వెల్డింగ్‌తో అయ్యే పని అది.

కాబట్టి వేగం ఇచ్చింది ముక్కూ, వెనక అద్దమూ. రెక్క తనంతట తాను నిరోధాన్ని పెంచేదే తప్ప తగ్గించేది కాదు.

#4 · కార్బ్యురేటర్_కాశి

మేష్టారూ, లెక్క సరే. కానీ రెక్క లేకపోతే ఆ వేగాన్ని మలుపులో ఎవరు వాడగలరు? వెనక చక్రాలు తేలిపోతుంటే డ్రైవర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. నేరుగా వేగం ఇవ్వదు, కానీ కాలు తీయనివ్వదు. ల్యాప్ టైమ్‌లో అది కూడా వేగమే కదా!

ఎత్తు గురించి: రెండూ నిజమే. పైకప్పు వెనక, డిక్కీ మీద గాలి చెదిరి సుడులు తిరుగుతుంది. అక్కడ పెట్టిన రెక్కకి తిన్నగా గాలి అందదు. పైకప్పు ఎత్తుకి తీసుకెళ్తే శుభ్రమైన గాలి తగులుతుంది. దానికి 23 అంగుళాలు అక్కర్లేదు, ఇంకా తక్కువే చాలుననేవాళ్ళున్నారు. కానీ జనానికి అమ్మే కారు కదా, డిక్కీ తెరుచుకోవాలి. మూత పూర్తిగా లేచి రెక్క కింద పట్టాలంటే ఆ ఎత్తు కావాలి. ఒక కథ నమ్మితే ఇంకోటి కొట్టేయాల్సిన పనిలేదు.

అందరూ వదిలేసేది రెక్కకింది రెండు నిలువు పలకల్ని. కారు వెనక భాగం పక్కకి జారబోతే గాలి ఆ పలకల మీద అడ్డంగా కొట్టి తిరిగి వరసలో పెడుతుంది, బాణానికి వెనక ఈకలు కట్టినట్టు. కారు గాల్లో నిలకడగా ఉండటంలో అడ్డరెక్క కన్నా వాటి పాలు తక్కువేం కాదు.

#5 · డేటోనా88

కాశి గారితో ఏకీభవిస్తూ ఒక అమరిక మాట. అడ్డరెక్క అంటే విమానం రెక్కని తిరగేసి పెట్టినదే. కోణం మార్చుకోవచ్చు. కోణం పెంచితే వెనక బాగా పట్టు దొరుకుతుంది. కానీ ముందు భాగానికి ముక్కు ఇచ్చే ఒత్తిడికి ఒక హద్దుంది. వెనక మాత్రమే బిగిస్తూ పోతే మలుపులో స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు వినకుండా కారు గోడవైపు తోసుకుపోతుంది. దీన్నే వాళ్ళు టైట్ అంటారు. వెనక జారితే లూజ్. అందుకని ముక్కు సరితూగగలిగినంత వరకే రెక్కని వాడుకునేవారు.

బొమ్మలబండి గారూ, కిట్‌లో పలకల్ని రేకుకి అంటించి వదిలేయకండి. అసలు కారులో వెనక మడ్‌గార్డ్ రేకు కింద, డిక్కీ లోపల ఊతకడ్డీలు ఉంటాయి. రెక్క మీద పడే ఒత్తిడి వాటి ద్వారా ఛాసిస్‌కి చేరుతుంది. ఉత్త రేకుకే బిగిస్తే రేకు సొట్టపోయేది. డిక్కీ తెరిచి చూపించే బొమ్మైతే ఆ కడ్డీలు కనపడాలి.

#6 · ఓరుగల్లు_సిమ్

టైట్, లూజ్ మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. సిమ్యులేటర్‌లో అప్పటి కారుకి వెడ్జ్, స్టాగర్ అని రెండు సర్దుబాట్లున్నాయి. ఏది ఎప్పుడు వాడాలి అన్నా?

#7 · గేర్‌బాక్స్_గుంటూరు

తమ్ముడూ, వెడ్జ్ అంటే మూలల బరువు. కుంటి మంచం గుర్తు తెచ్చుకో. ఒక కోడు కింద చెక్క పెడితే ఆ కోడూ, దాని ఎదురు మూల కోడూ బరువు మోస్తాయి, మిగతా రెండూ తేలికవుతాయి. కారూ అంతే.

ఉదాహరణకి మొత్తం 1,800 కిలోలు అనుకో. ముందు ఎడమ 490, ముందు కుడి 470, వెనక ఎడమ 450, వెనక కుడి 390. ముందు కుడి + వెనక ఎడమ = 920, అంటే 51.1 శాతం. ముందు కుడి స్ప్రింగ్ మీది స్క్రూ బిగిస్తే ఆ రెండు మూలలూ బరువెక్కుతాయి, మిగతా రెండూ తగ్గుతాయి. శాతం పెరిగితే కారు టైట్, తగ్గితే లూజ్. హోల్‌మన్-మూడీ జట్టు కట్టిన ఫోర్డ్ రేస్ కార్లలో ముందు కాయిల్ స్ప్రింగ్ మీద ఈ జాక్ స్క్రూ ఉండేది. క్రైస్లర్ కార్లలో (డాడ్జ్, ప్లిమత్) ముందు కాయిల్ ఉండదు, స్ప్రింగులా మెలితిరిగే కడ్డీ, టోర్షన్ బార్. అక్కడ బార్ చివర సర్దుబాటు బోల్టు తిప్పాలి. రెండింటికీ వెనక కమాన్ పట్టీలే.

ఒక్కసారికి ఒక్కటే మార్చు. స్క్రూ తిప్పినప్పుడు ఆ మూల ఎత్తు కూడా మారుతుంది. ఎత్తు మళ్ళీ కొలవకపోతే వెడ్జ్ మార్చాననుకుంటావు, నిజానికి ముక్కు కోణం కూడా మార్చేసి ఉంటావు. రెక్క కారులో ముక్కు కోణం మారడమంటే చిన్న సంగతి కాదు.

#8 · లెక్కల_మేష్టారు

స్టాగర్ నేను చెప్తా. ట్రాక్ అంతా ఎడమకే తిరుగుతుంది. బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. వెనక ఇరుసు లాక్ అయి రెండు చక్రాలూ కలిసి తిరిగేటప్పుడు కుడి టైరు చుట్టుకొలత కాస్త పెద్దదిగా ఉండాలి, గ్లాసుని పడుకోబెట్టి దొర్లిస్తే గుండ్రంగా తిరిగినట్టు.

రెండు చక్రాల మధ్య 60 అంగుళాలు, అలబామాలోని టల్లడేగా ట్రాక్ మలుపు వ్యాసార్ధం 1,100 అడుగులు అంటే 13,200 అంగుళాలు. 60/13,200 = 0.45 శాతం. టైరు చుట్టుకొలత 88 అంగుళాలైతే కావలసిన తేడా 0.4 అంగుళం. అదే 200 అడుగుల వ్యాసార్ధమున్న చిన్న ట్రాక్‌లో 2.5 శాతం, అంటే 2.2 అంగుళాలు. చిన్న ట్రాక్ స్టాగర్‌తో టల్లడేగాకి పోతే తిన్నటి దారిలో కారు ఎడమకి లాగుతూనే ఉంటుంది. పాత బయాస్ టైర్లు ఒకే సైజువి కూడా గాలి నింపాక తలో చుట్టుకొలత చూపిస్తాయి. అందుకని టేపు పెట్టి కొలిచి జతలు కట్టేవారు.

#9 · షార్లెట్_శ్రీను

టల్లడేగా పేరొచ్చాక టైర్ల గురించి మాట్లాడకపోతే ఎలా. ఈ యుగానికి నిజమైన హద్దు ఇంజినూ కాదు, రెక్కా కాదు, టైరు.

ట్రాక్ 1969 సెప్టెంబర్‌లో తెరిచారు. అప్పటి పేరు అలబామా ఇంటర్నేషనల్ మోటార్ స్పీడ్‌వే. చుట్టు 2.66 మైళ్ళు, మలుపుల వాలు 33 డిగ్రీలు. మన పెంకుటింటి కప్పు ఎంత వాలుంటుందో సుమారు అంత, దాని మీద కారు! ప్రాక్టీస్‌లోనే టైర్లు పొక్కి, చీలి, ముక్కలుగా ఊడిపోయాయి. రిచర్డ్ పెట్టీ నాయకత్వంలోని డ్రైవర్ల సంఘం రేసు వాయిదా వేయమంది. నాస్కార్ అధినేత బిల్ ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. పెద్ద పేర్లలో ఎక్కువమంది కార్లు ట్రక్కులకెక్కించుకుని వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకి చిన్న గ్రాండ్ అమెరికన్ తరగతి కార్లు కలిపి 14వ తేదీన రేసు నడిపించేశారు. గెలిచింది రిచర్డ్ బ్రిక్‌హౌస్, చార్జర్ డేటోనాలో. రెక్కల కారు మొదటి గెలుపు అదే, కానీ ఎదురు నిలవాల్సినవాళ్ళు సగం ఇళ్ళకి పోయాక వచ్చిన గెలుపు.

#10 · లెక్కల_మేష్టారు

టైర్లు ఎందుకు పగిలాయో అంకెల్లో: 200 మైళ్ళు అంటే సెకనుకి 293 అడుగులు. వ్యాసార్ధం 1,100 అడుగులు. మలుపు త్వరణం గురుత్వానికి 2.43 రెట్లు. 33 డిగ్రీల వాలు మీద దీన్ని విడగొడితే ట్రాక్‌కి లంబంగా 2.16 రెట్లు. అంటే 1,800 కిలోల కారు ట్రాక్‌ని దాదాపు 3,900 కిలోలతో నొక్కుతుంది. రెక్క, ముక్కు ఇచ్చే ఒత్తిడి ఇందులో కలపలేదు. అది పోగా టైరు పక్కకి ఇంకో 1.5 రెట్ల బలాన్ని ఆపాలి.

అంటే వాలు ఎక్కువ పెట్టినకొద్దీ జారడం తగ్గుతుంది, నలగడం పెరుగుతుంది. ఈ బరువంతా నాలుగు టైర్లూ సమంగా పంచుకోవు, ముందు కుడి టైరు నెత్తినే ఎక్కువ.

#11 · గేర్‌బాక్స్_గుంటూరు

నలిగితే వేడెందుకంటే, టైరు తిరిగిన ప్రతిసారీ నేలకి తగిలే చోట రబ్బరు ఒంగి మళ్ళీ లేస్తుంది. ఆ ఒంగడమే వేడి. పైపొర మందంగా ఉంటే ఎక్కువ రబ్బరు ఒంగుతుంది, పైగా లోపలి వేడి బయటికి రాదు. లోపల ఉడికి గ్యాసు బుడగ కడుతుంది, బుడగ పగిలితే పైపొర పెచ్చులు లేస్తుంది. కొత్తవాళ్ళకి వింతగా ఉంటుంది గానీ, వేగం పెరిగితే దానికి విరుగుడు పలచటి పైపొర, గట్టి రబ్బరు. మెత్త రబ్బరు రెండు ల్యాప్‌లు అతుక్కుని మూడో ల్యాప్‌లో మోసం చేస్తుంది.

లోపలి గొట్టం సంగతి కూడా. 1960ల నడుమ నుంచి పెద్ద ట్రాకుల్లో టైరు లోపల ఇంకో చిన్న టైరు లాంటి లైనర్ వాడారు. బయటిది పేలినా లోపలిది గాలి పట్టుకుని కారుని మోస్తుంది. అది లేకుండా ఈ వేగాలని ఊహించలేం.

#12 · బొమ్మలబండి

అద్భుతం! మరి ఆ 200 మైళ్ళ ల్యాప్ రేసులో కొట్టిందేనా?

#13 · డేటోనా88

కాదు, పరీక్షలో. 1970 మార్చి 24న టల్లడేగాలో, 88 నంబరు క్రైస్లర్ పరీక్షా కారులో బడ్డీ బేకర్. 200.447 మైళ్ళు. గుండ్రటి ట్రాక్ మీద 200 దాటిన మొదటి ల్యాప్‌గా లెక్కల్లోకెక్కింది. 2.66 మైళ్ళని దాంతో భాగిస్తే 47.77 సెకన్లు. ఆ ఏడాది నవంబర్‌లో బాబీ ఐజాక్ 201.104 కొట్టాడు, తేడా 0.16 సెకను.

రేసుల్లో చూస్తే 1970 డేటోనా 500 పీట్ హామిల్టన్‌ది, పెట్టీ జట్టు ప్లిమత్ సూపర్‌బర్డ్ (ప్లిమత్ వాళ్ళ రెక్కల కారు) 40 నంబరు. ఆ ఏడాది టల్లడేగా రెండు రేసులూ అతనివే. ఛాంపియన్ మాత్రం ఐజాక్, 71 నంబరు డాడ్జ్. మెకానిక్ హ్యారీ హైడ్ చేతి కారు.

ఒకటి గుర్తుంచుకోండి. ఆ సీజన్లో 48 రేసులు, అందులో సగానికి పైగా చిన్న ట్రాకులు. అక్కడ రెక్కల కారు బరువూ పొడుగూ తప్ప లాభం లేదు, మామూలు కార్లే తెచ్చేవారు. సెప్టెంబర్ 30న నార్త్ కరోలినాలోని రాలీ ఊళ్ళో మట్టి ట్రాక్ మీద కూడా రేసైంది, పెద్ద తరగతిలో చాలా ఏళ్ళ వరకూ అదే చివరి మట్టి రేసు. ఒకే సీజన్లో విమానం రెక్కలూ ఎర్రమట్టీ!

#14 · కార్బ్యురేటర్_కాశి

నాలుగో ప్రశ్న ఇంకా మిగిలింది. "నిషేధించారు" అనడం సరికాదు. రెండు మెట్లలో గొంతు నొక్కారు.

మొదటి మెట్టు: 1970 ఆగస్టు, మిషిగన్. రిస్ట్రిక్టర్ ప్లేట్. కార్బ్యురేటర్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య పెట్టే పలక, నాలుగు రంధ్రాలు, ఒక్కోటి 1¼ అంగుళం. ఫోర్డ్‌లు వాడిన హోలీ డామినేటర్ కార్బ్యురేటర్‌లో థ్రాటిల్ బోరు 2 అంగుళాలు. వైశాల్యం 12.6 చదరపు అంగుళాల నుంచి 4.9కి పడింది. 61 శాతం పోయింది.

రెండో మెట్టు: 1971 నుంచి ప్రత్యేక ముక్కు కార్లకి, అంటే డేటోనా, సూపర్‌బర్డ్, చార్జర్ 500, టొరీనో టల్లడేగా, మెర్క్యురీ సైక్లోన్ స్పాయిలర్ II, ఇంజిన్ 305 క్యూబిక్ ఇంచులు మించకూడదు. మామూలు ముక్కు పెట్టుకుంటే పెద్ద ఇంజిన్ వాడుకోవచ్చు. ఇంకేముంది, అందరూ మామూలు ముక్కుకే వచ్చేశారు. పంతానికి డిక్ బ్రూక్స్ 305తో డేటోనా కారుని 1971 డేటోనా 500లో దింపి ఏడో స్థానం తెచ్చాడు. 28 శాతం చిన్న ఇంజిన్‌తో ఏడోది! ఆ శరీరం గాలిలో ఎంత నున్నగా పోతుందో అంతకన్నా రుజువు నాకైతే అక్కర్లేదు.

#15 · గేర్‌బాక్స్_గుంటూరు

కాశి గారూ, 61 శాతం అనడంలో చిన్న మెలిక. ప్లేట్ లేకపోయినా గాలికి ఇరుకు చోటు థ్రాటిల్ బోరు కాదు, పైనున్న వెంచురీ, అంటే కార్బ్యురేటర్ గొంతులో సన్నబడే చోటు. డామినేటర్‌లో అది 1 11/16 అంగుళాలు, నాలుగూ కలిపి 8.9 చదరపు అంగుళాలు. దాంతో పోలిస్తే 4.9 అంటే 45 శాతం కోత. అదీ అన్ని వేగాల్లో ఒకేలా తగలదు. 426 ఇంజిన్ 7,000 చుట్ల దగ్గర నిమిషానికి సుమారు 860 ఘనపుటడుగుల గాలి అడుగుతుంది, 5,000 దగ్గర 615 చాలు. ఇరుకు బాధ పై చుట్ల దగ్గరే. అందుకే ప్లేట్ పెట్టాక చుట్లు పెంచుకుంటూ పోతే లాభం లేదు, కింది చుట్లలో లాగేలా కామ్‌షాఫ్ట్, గేరు మార్చుకోవాలి.

ఇంకోటి, ప్లేట్ కింద గాస్కెట్ దగ్గర గాలి లీకైతే ఆ గాలి కార్బ్యురేటర్‌ని తప్పించుకుని వస్తుంది. మిశ్రమం పలచబడి పిస్టన్ కాలుతుంది. కావాలని లీక్ పెట్టేవాడు జెట్లు (పెట్రోల్ వచ్చే రంధ్రాలు) పెద్దవి వేసుకుంటాడనుకోండి, అది వేరే పాండిత్యం.

#16 · ఓరుగల్లు_సిమ్

పాండిత్యమంటే నియమాల్లో సందులు వెతికే మెకానిక్ స్మోకీ యూనిక్ గుర్తొచ్చాడు. పెట్రోల్ ట్యాంకుకి కొలత ఉంది గానీ పైపుకి లేదని రెండంగుళాల పైపు 11 అడుగులు చుట్టి 5 గ్యాలన్లు దాచాడంటారు కదా?

#17 · లెక్కల_మేష్టారు

పైపు సంగతేమో గానీ 5 గ్యాలన్లు పట్టదు. 11 అడుగులు = 132 అంగుళాలు. రెండంగుళాల పైపు అడ్డుకోత 3.14 చదరపు అంగుళాలు. మొత్తం 415 ఘనపు అంగుళాలు. అమెరికన్ గ్యాలన్ 231. అంటే 1.8 గ్యాలన్లు. 5 కావాలంటే 30 అడుగుల పైగా పైపు కావాలి. గ్యాలన్‌కి 4 మైళ్ళు అనుకుంటే ఆ 1.8తో డేటోనాలో మూడు ల్యాప్‌లు కూడా నిండవు. అయినా పెట్రోల్ కోసం చివరి ఆగుడు తప్పించుకోవడానికి ఒక్కోసారి రెండు ల్యాప్‌లు చాలనుకోండి.

#18 · షార్లెట్_శ్రీను

నియమాలొక్కటే చంపలేదు, డబ్బూ పోయింది. 1970 చివర్లో ఫోర్డ్ రేసుల నుంచి తప్పుకుంది. క్రైస్లర్ 1971కి పెట్టీ జట్టులో రెండు కార్లకి కుదించింది. అదే సమయంలో టీవీలో సిగరెట్ ప్రకటనలు నిషేధించడంతో ఆర్.జె. రేనాల్డ్స్ తన డబ్బుని విన్‌స్టన్ పేరుతో ఇటు మళ్ళించింది. కార్ల కంపెనీల యుగం పోయి స్పాన్సర్ల యుగం వచ్చింది.

#19 · డేటోనా88

చివరికి బొమ్మలబండి గారి మూడో ప్రశ్న. రేస్ కారు కడితే:

ముక్కులో హెడ్‌లైట్ తలుపులు కదలవు, మూసేసి ఉంటాయి. ముందు మడ్‌గార్డుల మీద వెనక్కి తిరిగిన గూళ్ళుంటాయి కదా, వాటి కింద రేకు కోసి ఉండాలి. కారు కిందికి దించినప్పుడు టైరు పైకొచ్చి రేకుకి తగలకుండా ఆ ఏర్పాటు. బానెట్‌కి పిన్నులు పెట్టండి. పెట్రోల్ మూత వెనక ఎడమ మడ్‌గార్డ్ మీద. లోపల 22 గ్యాలన్ల ఫ్యూయల్ సెల్. ఒకే సీటు, చుట్టూ రోల్ కేజ్.

డ్రైవర్ కిటికీకి వల పెట్టాలా వద్దా అన్నది తేదీని బట్టి. 1970 మేలో డార్లింగ్టన్ ట్రాక్‌లో పెట్టీ కారు పల్టీలు కొట్టినప్పుడు అతని చెయ్యి, భుజం కిటికీలోంచి బయటికి వేలాడాయి. వలలు ఆ తరవాతే. మార్చి నాటి 88 నంబరు కడుతుంటే వల వద్దు. ఆ ప్రమాదం బొమ్మ కట్టేవాళ్ళు సూపర్‌బర్డ్ పెట్టేస్తుంటారు, అది తప్పు. ఆ రోజు అతను నడిపింది రెక్క లేని మామూలు ప్లిమత్ రోడ్ రన్నర్.

#20 · బొమ్మలబండి

కిట్‌లో పైకప్పుకి వినైల్ ఆకృతి ఉంది. డేటోనాకి ఉంచాలా, గీకాలా?

#21 · కార్బ్యురేటర్_కాశి

గీకేయండి. ఎవరో సూపర్‌బర్డ్ పైకప్పు తెచ్చి అతికించినట్టున్నారు. వెనక అద్దం ప్లగ్ వెల్డింగ్ అతుకులు నున్నగా రుద్దే ఓపిక లేక షోరూమ్ సూపర్‌బర్డ్‌లకి వినైల్ కప్పారు. రేస్ కారుకి అది ఏ కంపెనీదైనా ఉండదు. 400 నంబరు కాగితంతో మొదలుపెట్టి తడిపి రుద్దండి, నీళ్ళ కాలువ అంచు అరిగిపోకుండా టేపు వేసుకోండి.